క్షమాపణ ఎవరిని అడగాలి? యూదుల ఉపవాసం, ప్రాయశ్చిత్తం

యూదుల కొత్త సంవత్సరం సెప్టెంబరులోనో అక్టోబరు మొదట్లోనో వస్తుంది. ఆ రోజు మొదలు పదో రోజు యోం కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం. ఈ పది రోజుల్లో యూదుల ఇళ్లలో ఫోన్లు ఎక్కువగా మోగుతాయి. ఏడాదిగా మాటల్లేని తమ్ముడు అన్నకు ఫోన్ చేస్తాడు. ఆఫీసులో ఒకామె లేచి పక్క సీటు ఆమె దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. గొడవపడ్డ పక్కింటివాళ్ల తలుపు ఎవరో తడతారు. అందరూ అడిగేది ఒకటే: "ఈ ఏడాదిలో నావల్ల నీకు బాధ కలిగి ఉంటే క్షమించు." ఆ పని అయ్యాకే ఉపవాసం.

బయటివాళ్లకు మాత్రం కనిపించేది ఆ ఉపవాసమే. 25 గంటలపాటు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అందుకని "ఏడాదికోసారి కడుపు మాడ్చుకుంటే పాపాలన్నీ పోతాయని యూదుల నమ్మకం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఈ మాట తప్పు. ఆ రోజుకు సంబంధించి యూదు ధర్మశాస్త్రం పెట్టిన అతి కఠినమైన నియమం తిండి గురించి లేదు. తోటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే క్షమించాలి, ఆ మనిషి తరఫున దేవుడు కూడా క్షమించడు అంటుంది ఆ నియమం. దీన్ని పట్టుకుంటే యూదుల ఉపవాసాలే కాదు, గత వందేళ్లలో వాళ్ల చరిత్రలో జరిగిన కొన్ని పెద్ద వాదోపవాదాలు కూడా అర్థమవుతాయి.

"మిమ్మల్ని మీరు బాధపెట్టుకోండి"

తెలుగు బైబిలు చదివేవాళ్లకు లేవీయకాండము 16వ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. ఏడో నెల పదో రోజున ప్రజలు తమను తాము బాధపెట్టుకోవాలని అందులో ఉంది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, "ఉపవాసం" అనే మాట అక్కడ లేదు. "ఇన్నూయ్ నెఫెష్", అంటే ప్రాణాన్ని కష్టపెట్టడం అని మాత్రమే ఉంది. ఆ కష్టం ఏమిటో తర్వాతి కాలపు రబ్బీలు, అంటే యూదు మత గురువులు, ఐదు నిషేధాలుగా తేల్చారు: తినడం తాగడం, స్నానం, ఒంటికి నూనె రాసుకోవడం, తోలు చెప్పులు, దాంపత్యం. అందుకే ఆ రోజు ప్రార్థనా మందిరాల్లో మంచి బట్టలు వేసుకున్న పెద్దమనుషులు కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులో గుడ్డ బూట్లో వేసుకుని కనిపిస్తారు.

రంజాన్ ఉపవాసం మనకు బాగా తెలుసు కాబట్టి దానితో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రంజాన్‌లో తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా ఉపవాసం. యోం కిప్పూర్ ముందురోజు సూర్యాస్తమయానికి కాస్త ముందు మొదలై, మర్నాడు రాత్రి చుక్కలు పొడిచేదాకా సాగుతుంది. తెల్లవారుజామున లేచి తినే వీలు లేదు. మరో విశేషం: ముందురోజు బాగా తినడం కూడా విధే. తొమ్మిదో రోజున తిని తాగినవాణ్ణి తొమ్మిది, పది రెండు రోజులూ ఉపవాసం ఉన్నవాడిగా లెక్కిస్తారని యూదుల ధర్మ చర్చల గ్రంథం తల్మూద్ చెబుతుంది. నాకు ఈ మాట చాలా ఇష్టం. తిండి మీద ద్వేషంతో పెట్టిన ఉపవాసం కాదని ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఆ రోజు తెల్లబట్టలు కట్టుకుంటారు. ఇశ్రాయేలుకు యోం కిప్పూర్, ఆబ్ నెల 15వ తేదీ అంత ఆనందమైన రోజులు వేరే లేవని మిష్నా అనే పాత ధర్మగ్రంథంలో ఉంది. అప్పు తీరి ఇంటికి తిరిగొచ్చేవాడి ఆనందం లాంటిది అది.

యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్తం బాధ్యత ప్రధాన యాజకుడిది. ఏడాదిలో ఆ ఒక్కరోజే అతను అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేవాడు. ముందు తన తప్పులు, తన ఇంటివాళ్ల తప్పులు ఒప్పుకున్న తర్వాతే ప్రజల సంగతి. రెండు మేకలకు చీట్లు వేసేవారు. ఒకటి దేవుడికి బలి. రెండోదాని తలమీద చేతులు పెట్టి ప్రజలందరి తప్పులూ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి తోలించేవారు. ఒకరి తప్పు నెత్తిన మోసేవాణ్ణి మనం "బలిపశువు" అంటాం కదా. ఈ ఆచారం ప్రకారం అయితే తప్పులు మోసింది బలైన మేక కాదు, ఊరు దాటించిన మేక.

క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని కూల్చేశారు. యాజకుడి పని పోయింది, బలి పోయింది, మేక పోయింది. ఇక పాపాలకు దారేది? ఆ శిథిలాల పక్కనుంచి నడుస్తూ రబ్బీ యెహోషువ ఏడిస్తే, ఆయన గురువు యోహానాన్ బెన్ జక్కాయ్, "బాధపడకు, దానితో సమానమైన ప్రాయశ్చిత్తం ఇంకొకటి మనకుంది, అది తోటివారి పట్ల దయ" అని హోషేయ ప్రవక్త మాటను గుర్తుచేశాడని సంప్రదాయం చెబుతుంది. యూదుమతం ఆలయం నుంచి మనిషి నడతలోకి మారిన మలుపు అది.

మిష్నాలోని ఒక వాక్యం

సుమారు 1,800 ఏళ్ల కింద కూర్చిన ధర్మశాస్త్ర సంకలనం మిష్నా. అందులో "యోమా" అనే భాగమంతా ఈ రోజు గురించే. దాని చివర రెండు మాటలున్నాయి. ఒకటి: "పాపం చేస్తాను, యోం కిప్పూర్ దాన్ని పోగొడుతుంది" అనుకునేవాడికి యోం కిప్పూర్ ఏమీ పోగొట్టదు. రెండోది: మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పులను యోం కిప్పూర్ పోగొడుతుంది, మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పులను, అవతలి మనిషిని సమాధానపరచేదాకా పోగొట్టదు.

పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడిస్ దీన్ని పూర్తి పద్ధతిగా రాసిపెట్టాడు. తప్పు మానేయాలి, పశ్చాత్తాపపడాలి, నోరు తెరిచి ఒప్పుకోవాలి, మళ్లీ చేయనని తీర్మానించుకోవాలి. దీనంతటికీ హీబ్రూ మాట "తెషువా". తిరిగి రావడం అని దాని అర్థం. దారి తప్పినవాడు వెనక్కి రావడమే పశ్చాత్తాపం. అది పూర్తయిందని ఎలా తెలుస్తుంది? అదే తప్పు చేసే అవకాశం మళ్లీ వచ్చి, చేసే శక్తి ఉండీ, భయంతో కాకుండా మనసు మారినందువల్ల చేయకపోతే అప్పుడు పూర్తయినట్టు. డబ్బు దోచినవాడు డబ్బు తిరిగి ఇచ్చినా చాలదు, వెళ్లి క్షమాపణ కూడా అడగాలి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని రెండోసారి, మూడోసారి వెళ్లాలి. అప్పటికీ మనసు కరగకపోతే అడిగినవాడి బాధ్యత తీరింది. క్షమించనివాడే ఇప్పుడు తప్పు చేసినవాడు.

మరి అన్యాయానికి గురైన మనిషి చచ్చిపోతే? పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి, వాళ్లందరి ఎదుట "ఈ మనిషికి నేను ఈ అన్యాయం చేశాను" అని ఒప్పుకోవాలి అంటాడు మైమోనిడిస్. సమాధి జవాబు చెప్పదు. అయినా వెళ్లాలి, సాక్షులతో వెళ్లాలి. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ మధ్య చాలామంది యోం కిప్పూర్ ముందు "ఎవరినైనా బాధపెట్టి ఉంటే క్షమించండి" అని వాట్సాప్‌లో ఒకే మెసేజ్ అందరికీ పంపేస్తున్నారు. అది మర్యాదే, కానీ మిష్నా అడిగింది అది కాదని నా అభిప్రాయం. ఏ తప్పు, ఎవరి పట్ల అన్నది లేకుండా క్షమాపణ ఉండదు.

ప్రార్థనా మందిరంలో మాత్రం ఒప్పుకోలు బహువచనంలోనే సాగుతుంది. "అషమ్ను, బగద్ను, గజల్ను..." అంటూ, మనకు అ ఆ ఇ ఈ ఉన్నట్టు హీబ్రూ అక్షరమాల వరసలో ఒక్కో అక్షరానికి ఒక్కో తప్పు చెబుతారు: అపరాధం చేశాం, ద్రోహం చేశాం, దోచుకున్నాం. ఒక్కో మాటకు పిడికిలితో గుండెమీద మెల్లగా కొట్టుకుంటారు. దొంగతనం ఎన్నడూ చేయని ముసలమ్మ కూడా "దోచుకున్నాం" అంటుంది. నిజంగా దొంగతనం చేసినవాడు ఆ గుంపులో సిగ్గుపడకుండా తన మాట తాను చెప్పుకోగలుగుతాడు. ఆ "మేము"లో ఒక ప్రమాదమూ ఉంది, ఎవరికి వారు దాని చాటున దాక్కోవచ్చు. ఆ దాక్కోవడానికి వీల్లేకుండానే ముందు ఫోన్లు, తలుపు తట్టడాలు పెట్టారు.

ముందురోజు సాయంత్రం పాడే "కోల్ నిద్రే" గురించి ఒక అపార్థం తొలగించాలి. అరామిక్ భాషలోని ఈ పాఠం మొక్కులను, ప్రమాణాలను రద్దు చేస్తుంది. దీన్ని చూపించి "యూదులు ఒట్టు వేసినా నమ్మకూడదు" అని యూరప్‌లో శతాబ్దాలపాటు ప్రచారం చేశారు, కోర్టుల్లో యూదులతో అవమానకరమైన ప్రత్యేక ప్రమాణాలు చేయించారు. నిజానికి అది మనిషి దేవుడికి చేసుకుని తీర్చలేకపోయిన మొక్కుల గురించి మాత్రమే. ఇంకొకరికి ఇచ్చిన మాటను, రాసిచ్చిన పత్రాన్ని అది ముట్టుకోదు. ఇక్కడా అదే గీత: దేవుడితో లెక్క వేరు, మనిషితో లెక్క వేరు.

మర్నాడు చదివే ప్రవక్తల పాఠాలు చూస్తే, ఉపవాసం రోజే ఉపవాసాన్ని నిలదీసే ధైర్యం కనిపిస్తుంది. ఉదయం యెషయా 58వ అధ్యాయం. మీరు ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడిస్తున్నారు, నాకు కావలసిన ఉపవాసం ఇదా? ఆకలిగొన్నవాడికి నీ రొట్టె పంచడం, బట్టల్లేనివాడికి బట్ట కప్పడం కదా ఉపవాసం అంటాడు దేవుడు. కడుపు ఖాళీగా ఉన్న జనం నిలబడి ఈ మాట వింటారు. మధ్యాహ్నం యోనా గ్రంథం. నీనెవె ప్రజలు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నారు, నగరం బతికింది. కరువు ఉపవాసాల్లో ఊరి పెద్ద జనంతో చెప్పాల్సిన మాటలను మిష్నా ఈ కథతోనే చెప్పింది: "సోదరులారా, దేవుడు వాళ్ల గోనెపట్టనూ ఉపవాసాన్నీ చూశాడని రాసి లేదు. వాళ్ల పనులు చూశాడని, వాళ్లు చెడ్డదారి మానుకోవడం చూశాడని రాసి ఉంది."

చివరి ప్రార్థన "నెయీలా". మూసివేత అని అర్థం. స్వర్గ ద్వారాలు మూసుకునే వేళ అని భావించి, ధర్మగ్రంథపు చుట్టలు ఉంచే మందసం తలుపులు తెరిచి ఉంచి నిలబడే ప్రార్థిస్తారు. తర్వాత ఒక్కసారి పొట్టేలు కొమ్ము ఊదుతారు, ఉపవాసం ముగుస్తుంది. కొంకణ తీరంలో శతాబ్దాలపాటు నూనె గానుగలు ఆడించి బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులకు, శనివారం పని చేయరు కాబట్టి, "శనివార్ తేలీలు" అని పేరు. మిగతా యూదు ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన కాలంలోనూ వాళ్లు ఈ ఉపవాసాన్ని మరిచిపోలేదు. దానికి వాళ్లు పెట్టుకున్న మరాఠీ పేరు "దర్ఫాల్నిచా సణ్", తలుపులు మూసే పండుగ. తెల్లబట్టలు కట్టుకుని, తలుపులు వేసుకుని ఇంట్లో గడిపేవారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీమ్ అనే చిన్న సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లోని ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకునే ఈ దళిత కుటుంబాలు తెలుగు మాట్లాడుతూ యూదుల విశ్రాంతి దినాన్ని, పండుగలను ఆచరిస్తున్నాయి.

ఉపవాసం మానడమే ధర్మమైనప్పుడు

పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలకు, పదమూడేళ్ల లోపు మగపిల్లలకు ఈ ఉపవాసం విధి కాదు. రోగి విషయంలో తల్మూద్ చెప్పింది వింటే ఆశ్చర్యం వేస్తుంది. తినకపోతే ప్రమాదమని వైద్యుడు అంటే, రోగి వద్దన్నా తినిపించాలి. రోగి తనకు తిండి కావాలంటే, వందమంది వైద్యులు అక్కర్లేదన్నా రోగి మాటే చెల్లుతుంది. తన బాధ తనకే తెలుసు కదా. ప్రాణం నిలబెట్టడం ముందు ఉపవాసం నిలవదు. అందుకే ఇప్పటికీ షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా డాక్టరుతో, రబ్బీతో మాట్లాడతారు. అవసరమైతే ఖర్జూరపండు కంటే తక్కువ పరిమాణంలో, మధ్యలో కొన్ని నిమిషాల ఎడం ఇస్తూ తింటారు.

1848లో విల్నా (నేటి లిథువేనియాలోని విల్నియస్) నగరంలో కలరా వచ్చింది. ఆ ఏడాది యోం కిప్పూర్ నాడు తినమని రబ్బీ ఇజ్రాయెల్ సలాంటర్ జనానికి చెప్పాడు. స్వయంగా వేదికెక్కి అందరి ముందూ తిన్నాడని కొందరు, తినలేదని కొందరు చెబుతారు. ఏది నిజమైనా, ఆయన వల్ల ప్రాణాలు నిలిచాయన్న కృతజ్ఞతే ఆ కథను ఇన్నాళ్లు బతికించింది. బ్రిస్క్ పట్టణపు రబ్బీ హయిమ్ సొలొవెయిచిక్ రోగులను సులువుగా తిననిచ్చేవాడట. యోం కిప్పూర్ విషయంలో ఇంత ఉదారంగా ఉన్నారేమని అడిగితే, "ఉదారంగా లేను, ప్రాణరక్షణ విషయంలో కఠినంగా ఉన్నాను" అన్నాడని ప్రసిద్ధి.

మనం చేసినదానికి, మనకు జరిగినదానికి

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. యూదుల క్యాలెండర్‌లో ఉపవాసాలు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలావరకు జరిగిన ఘోరాల జ్ఞాపకాలు. ఆబ్ నెల తొమ్మిదో తేదీ, "తిషా బెఆవ్", యెరూషలేములో ఒకదాని తర్వాత ఒకటి కట్టిన రెండు ఆలయాలూ కూలిన రోజు. ఇది కూడా 25 గంటలదే. నేలమీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. యెరూషలేము ముట్టడి మొదలైన తేబేతు పదో తేదీ, ప్రాకారం కూలిన తమ్మూజు 17, ఇలా మరికొన్ని ఉపవాసాలు పగటిపూటవి. 1648లో ఉక్రెయిన్‌లో కొసాక్కులు యూదులను ఊచకోత కోశాక, పోలెండ్ యూదుల సమాఖ్య సివాన్ 20వ తేదీన కొత్త ఉపవాసం పెట్టింది. ఎథియోపియా యూదుల "సిగ్ద్" ఇంకో రకం. యోం కిప్పూర్ తర్వాత 50వ రోజున ఉపవాసంతో కొండెక్కి, గ్రంథపాఠం విని, దిగివచ్చి కలిసి భోజనం చేస్తారు. 2008లో ఇజ్రాయెల్ దాన్ని జాతీయ పండుగగా గుర్తించింది.

అంటే మనం చేసిన తప్పుకు ఒక ఉపవాసం, మనకు జరిగిన అన్యాయానికి ఇంకొకటి. కానీ పాత ప్రార్థనల్లో ఈ రెండూ కలిసిపోయాయి. "మా పాపాల వల్లే మా దేశం నుంచి వెళ్లగొట్టబడ్డాం" అని పండుగ ప్రార్థనలో ఉంది. కష్టం వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశామన్నది ఆ ఆలోచన. ఓడిపోయిన జాతికి అది ఒక రకంగా ఆసరా ఇచ్చింది. తప్పు మనదైతే, దిద్దుకునే దారీ మన చేతిలోనే ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఆసరా విరిగిపోయింది. నాజీలు యూదుల పవిత్ర దినాలను పదేపదే తమ పనికి వాడుకున్నారు. వార్సాలో యూదులందరినీ ఒక ఘెట్టోలోకి, అంటే వేరుచేసిన పేటలోకి, తోలే ఆదేశాన్ని 1940 అక్టోబరు 12న, సరిగ్గా యోం కిప్పూర్ నాడు ప్రకటించారు. కీవ్ పక్కన బాబీ యార్ లోయలో 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో 33,771 మందిని కాల్చి చంపారు. రెండో రోజు సాయంత్రం యోం కిప్పూర్ మొదలు కావాలి. వార్సా ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్లు మొదలైంది 1942 జూలై 22న, తిషా బెఆవ్ మొదలయ్యే రోజున. చనిపోయిన 60 లక్షల మందిలో సుమారు 15 లక్షల మంది పిల్లలు. ఈ పిల్లల ఎదుట నిలబడి "మా పాపాల వల్లే" అనడానికి చాలామంది యూదులకు నోరు రాలేదు. నాకూ అది అనరాని మాటే. కొందరు రబ్బీలు అలా అన్నారు కూడా, బతికి బయటపడ్డవాళ్లు కోపంతో తిరగబడ్డారు.

ఆ చనిపోయినవాళ్లను ఏ రోజున తలచుకోవాలన్నదే ఒక వివాదమైంది. ఎప్పుడు చనిపోయారో తెలియనివాళ్ల కోసం ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు పాత ఉపవాస దినమైన తేబేతు పదిని కేటాయించారు. పార్లమెంటు, అంటే క్నెసెత్, 1951లో నీసాను 27ను ఎంచుకుంది. అది ఉపవాస దినం కాదు. సైరన్ మోగితే రోడ్డుమీద కార్లు ఆపి, దిగి నిలబడతారు. దాన్ని తిషా బెఆవ్‌లో కలపాలని మెనాహెమ్ బెగిన్ లాంటి రాజకీయ నాయకులు కోరారు, జరగలేదు. ఆ జ్ఞాపకం ప్రాయశ్చిత్తపు లెక్కలో పడకుండా మిగిలింది.

డబ్బు తీసుకుంటే క్షమించినట్టేనా?

1951 సెప్టెంబరు 27న పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్ తమ పార్లమెంటులో మాట్లాడుతూ, జర్మన్ ప్రజల పేరిట మాటలకందని నేరాలు జరిగాయని, వాటికి నైతికంగానూ ఆర్థికంగానూ పరిహారం చెల్లించాల్సి ఉందని అన్నారు. కొత్తగా పుట్టిన ఇజ్రాయెల్‌లో అప్పటికి రేషన్. లక్షలమంది శరణార్థులు గుడారాల్లో ఉన్నారు. డబ్బు కావాలి. కానీ ఆ చేతుల నుంచా?

1952 జనవరి 7న యెరూషలేములో, జర్మనీతో పరిహారం చర్చలు వద్దంటూ బెగిన్ ఆవేశంగా ప్రసంగించారు. జనం క్నెసెత్ మీద రాళ్లు రువ్వారు. రెండు రోజుల తర్వాత ఓటింగ్ జరిగితే 61 మంది చర్చలకు అనుకూలంగా, 50 మంది వ్యతిరేకంగా ఓటేశారు. సెప్టెంబరు 10న లక్సెంబర్గ్‌లో ఒప్పందం కుదిరింది. ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు, చాలావరకు సరుకుల రూపంలో. యూదు సంస్థల సమాఖ్యకు 45 కోట్ల మార్కులు.

అసలు గొడవ అంకెల మీద లేదు, మాట మీద ఉంది. జర్మన్లు దాన్ని "వీడర్‌గుట్‌మాహుంగ్" అన్నారు, తిరిగి బాగుచేయడం అని అర్థం. ఇజ్రాయెల్ ఆ మాట వాడలేదు. హీబ్రూలో "షిలుమీమ్" అన్నారు. చెల్లింపులు, అంతే. దోచిన ఆస్తికి డబ్బు చెల్లించవచ్చు, చంపిన మనిషికి చెల్లింపు లేదు, ఈ డబ్బు తీసుకోవడం క్షమించడం కాదు అన్నదే ఆ మాట వెనకున్న పట్టుదల. మైమోనిడిస్ నియమం ఇక్కడ అక్షరాలా పనిచేసింది. డబ్బు తిరిగి ఇవ్వడం వేరు, క్షమాపణ వేరు. క్షమించే హక్కున్నవాళ్లు చనిపోయారు. వాళ్ల తరఫున క్షమించేశామని చెప్పే అధికారం క్నెసెత్‌కు గానీ, ఏ రబ్బీకి గానీ లేదు.

అయితే చేసినవాళ్ల వైపు నుంచి ఏమీ చేయలేమా? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన నిజాయితీ గల జవాబు లోథర్ క్రైసిగ్ ఇచ్చినది. ఆయన హిట్లర్ కాలంలో జర్మనీలో జడ్జి. మానసిక వికలాంగులను ప్రభుత్వం రహస్యంగా చంపిస్తోందని గ్రహించి, జడ్జి హోదాలో బహిరంగంగా ఎదిరించి, ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1958లో ఒక చర్చి మహాసభలో ఆయన ఒక విన్నపం చదివారు: మా చేతుల్లో బాధపడ్డ జాతులారా, మీ దేశంలో మా చేతులతో ఏదైనా మంచి పని చేసుకోనివ్వండి. "క్షమించండి" అని కూడా అడగలేదు, పని చేయడానికి అనుమతి అడిగారు. "ప్రాయశ్చిత్త సంకేతం" అనే అర్థం వచ్చే జర్మన్ పేరుతో ఆ సంస్థ యువతీయువకులను నార్వేకు, నెదర్లాండ్స్‌కు, 1961 నుంచి ఇజ్రాయెల్‌కు పంపింది. వాళ్లు ఇళ్లు కట్టారు, ముసలివాళ్లకు సేవ చేశారు. ఇప్పటికీ పంపుతోంది.

1970 డిసెంబరు 7న చాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సా ఘెట్టో స్మారకం ముందు పూలమాల పెట్టి, ఒక్కసారిగా మోకాళ్లమీద కూర్చుండిపోయారు. ఆయన స్వయంగా నాజీలను ఎదిరించి దేశం విడిచి వెళ్లినవాడు, ఆ నేరంలో ఆయన పాలు లేదు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు మైమోనిడిస్ చెప్పిన పదిమంది, సమాధి గుర్తుకొస్తాయి. బ్రాంట్‌కు ఆ నియమం తెలుసని నేననడం లేదు. చనిపోయినవాళ్ల దగ్గరికి సాక్షులతో వెళ్లడం తప్ప మనిషికి ఇంకో దారి లేదు కాబట్టి అది అలా జరిగింది.

1973

యోం కిప్పూర్ నాడు ఇజ్రాయెల్ మొత్తం ఆగిపోతుంది. విమానాశ్రయం మూసేస్తారు, రేడియో, టీవీ ఉండవు, మతం పాటించనివాళ్లు కూడా కారు తీయరు. ఖాళీ హైవేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. 1973 అక్టోబరు 6న మధ్యాహ్నం 2 గంటలకు ఆ నిశ్శబ్దంలో సైరన్లు మోగాయి. ఈజిప్టు సేనలు సూయజ్ కాలువ దాటాయి, సిరియా ట్యాంకులు గోలన్ కొండల మీదికి వచ్చాయి. ప్రార్థనా మందిరాల్లో శాలువాలు కప్పుకుని ఉన్న రిజర్వు సైనికులు పేర్లు పిలవగానే అలాగే బయటికి వచ్చి లారీలెక్కారు. అది రంజాన్ పదో రోజు కూడా. యూదుల తిష్రీ నెల పది, రంజాన్ పది. అటూ ఇటూ ఉపవాసంలో ఉన్న జనం. ఇజ్రాయెల్ వైపు 2,600 మందికి పైగా సైనికులు చనిపోయారు, అరబ్బుల వైపు అంతకు ఎన్నో రెట్లు.

యుద్ధం ఆగాక దేశం అడిగింది ఒకటే: ఇది ఎవరి తప్పు? సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి షిమోన్ అగ్రనాత్ అధ్యక్షతన కమిషన్ వేశారు. 1974 ఏప్రిల్ మొదట్లో వచ్చిన తొలి నివేదిక సైన్యాధిపతి డేవిడ్ ఎలజార్‌ను, సైనిక గూఢచార విభాగం అధిపతి ఎలీ జెయిరాను తప్పుపట్టింది. ప్రధాని గోల్డా మెయిర్‌ను, రక్షణమంత్రి మోషే దయాన్‌ను తప్పుపట్టలేదు. జనం ఒప్పుకోలేదు. సూయజ్ రక్షణ వరసలో శత్రువుకు లొంగకుండా నిలిచిన ఒక స్థావరం కమాండర్ మోత్తీ అష్కెనాజీ అప్పటికే ప్రధాని కార్యాలయం ముందు ఒంటరిగా ధర్నాకు కూర్చున్నాడు, క్రమంగా వేలమంది చేరారు. కమిషన్ తప్పు లేదన్నా, చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల ముందు ఎవరో ఒకరు నిలబడి "నాది తప్పు" అనాలి కదా అన్నదే వాళ్ల బాధ. గోల్డా మెయిర్ అదే నెలలో రాజీనామా ప్రకటించారు. 

ఆ యుద్ధంలో బేత్ హషితా అనే ఒక్క కిబ్బుత్జ్ (అందరూ ఉమ్మడిగా బతికే ఊరు) 11 మందిని పోగొట్టుకుంది. ఆ ఊరివాళ్లు మతం పాటించేవాళ్లు కారు. అయినా ఆనాటి నుంచి యోం కిప్పూర్ వాళ్లకు ఆ పదకొండు మంది రోజైంది. సంగీతకారుడు యాయిర్ రోజెన్‌బ్లూమ్ 1990లో ఆ ఊళ్లో ఉంటూ, వాళ్లకోసం ఒక పాత ప్రార్థనకు కొత్త బాణీ కట్టాడు. "ఉనెతనె తోకెఫ్" అనే ఆ ప్రార్థన ఆ రోజున చాలా మందిరాల్లో చదివేదే: ఈ ఏడాది ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, నీటివల్ల ఎవరు, నిప్పువల్ల ఎవరు, కత్తివల్ల ఎవరు. ఆ ఏడాది యోం కిప్పూర్ సాయంత్రం దేవుణ్ణి నమ్మని ఆ ఊరి భోజనశాలలో దాన్ని మొదటిసారి పాడారు. ఇప్పుడు ఇజ్రాయెల్ అంతటా ఎన్నో ప్రార్థనా మందిరాల్లో, ఖాళీ కడుపుతో నిలబడ్డ జనం ఆ బాణీలోనే దాన్ని పాడుతున్నారు.